నడివీధిలో నీలం బండి

వెనక దారి కాదు, వెనక దారి కానే కాదు, పోయినేడు ఆ దారిన పోయే కదా సగానికి సగం పోగొట్టుకుంది, అని ఎటెల్కా వాకిట్లో బండి పిడి పట్టుకుని నిలబడి తనకు తానే నచ్చజెప్పుకుంటోంది. వెనక దారి అంటే పెరటి తోటల వెంబడి పోయే మట్టి బాట. ట్రాక్టర్ల చక్రాలు తొక్కిన గాళ్ళు చలికాలమంతా గడ్డకట్టి, ఇప్పుడు మార్చి ఎండకు పైపైన కరిగి, అడుగున మాత్రం రాయిలాగే ఉంటాయి. ఒంటి చక్రం ఇనప బండిలో వేసుకుని ఆ గాళ్ళలో ఎత్తి కుదేస్తూ తీసుకెళితే, అప్పుడప్పుడే వేళ్ళు పోసుకున్న కొమ్మలు మట్టిలో కదిలిపోయి, గాజింటికి చేరాక ఒక్కొక్కటే కాడ నల్లబడి వాలిపోయాయి. ఈసారి అలా కావడానికి వీల్లేదు. పెద్ద మొక్కలన్నిటినీ చలికి ముందే కోసి కొమ్మలు చేసేసింది, తల్లి మొక్క ఒక్కటీ మిగల్లేదు. ఇన్ని నెలలుగా వంటింటి కిటికీలోనూ పడకగది కిటికీలోనూ మీగడ డబ్బాల్లో పెట్టి సాకిన ఈ ముష్కాట్లి కొమ్మలు కూడా పోతే, ఊళ్ళో ప్రతి కిటికీ కిందా ఎర్రగా పూసే ఆ పువ్వు ఈ ఏడు తన గాజింట్లో ఒక్కటీ ఉండదు. సహకార క్షేత్రం మూతపడ్డాక తన చేతికంటూ మిగిలిన పని అదొక్కటే. కాబట్టి నడివీధి, తారు రోడ్డు, నున్నగా ఉంటుంది. కాబట్టి ఈ బండి, నాలుగు చక్రాలు, మెత్తటి స్ప్రింగులు, గాలి కొట్టకుండా పైన గూడు. నడివీధిలో అత్తగారి కిటికీ ఉంది. ఉంటే ఉండనీ. ఇది పసిపిల్లల బండి. అయితే కానీ. ఎటెల్కాకు పిల్లల్లేరని ఊరందరికీ తెలుసు, తెలిసిందాన్ని దాచేదేముంది.

పొద్దున్న బెర్తలాన్ కాఫీ తాగుతుంటే చెప్పింది, అటక మీదున్న బండి దించమని. ఏ బండి అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే కోపం వచ్చేది, అడగనందుకూ వచ్చింది. పాతికేళ్ళ నుంచీ దాని ఊసెత్తకుండా కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు వాళ్ళు. అటక మీద పాత తివాచీ కింద అదుందని ఇద్దరికీ తెలుసు, పందిమాంసం పొగబెట్టడానికి పైకెక్కినప్పుడల్లా ఇద్దరూ దాన్ని చుట్టి నడిచేవాళ్ళు. ఆయన కప్పు కింద పెట్టి, నిచ్చెనెక్కి, దించి, తడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలెట్టాడు. గూడు తుడిచాడు, పిడి తుడిచాడు, చక్రాల దగ్గరికొచ్చేసరికి తుడుస్తూ తుడుస్తూ అక్కడే కూర్చుండిపోయాడు.

"స్ప్రింగులు బానే ఉన్నాయి," అన్నాడు చివరికి.

"ఊఁ."

"వెనక దారినేగా పోయేది?"

ఆమె డబ్బాలకు కాగితం చుడుతోంది.

"నిన్నే, ఎటీ. అమ్మ చూస్తుంది."

"చూస్తే చూసింది. కళ్ళేమైనా పోతాయా?"

"అమ్మ కళ్ళకేం కాదు. నీ గురించే నా భయం," అని టోపీ పెట్టుకుని, సైకిలెక్కి రైల్వే గేటు డ్యూటీకి వెళ్ళిపోయాడు. మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే ఇబ్బందే అది, వాళ్ళు నీ తరఫున భయపడుతుంటారు, నువ్వేమో ఆ భయాన్ని కూడా మొయ్యాలి. పొయ్యిలో కాల్చిన ఇటుకల్ని పాత చొక్కాల్లో చుట్టి బండి అడుగున పరిచింది, మీద డబ్బాలు ఒకదానికొకటి ఆనించి పేర్చింది, పైన బాతు ఈకల దుప్పటి కప్పింది. కప్పాక ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. చూడకుండా ఉండాల్సింది. దుప్పటి కప్పిన పిల్లల బండి ఎవరింట్లో ఉన్నా ఒకేలా ఉంటుంది.

కదిలింది. చక్రం కిర్రుమంది, ముందు చక్రమా వెనకదా, ముందుదే, కిర్రుమని ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి, ఊరంతటికీ దండోరా వేస్తున్నట్టే ఉంది. వేయనీ. ఎండ బాగానే ఉంది గానీ గాలి మైదానం మీంచి అడ్డూ ఆపూ లేకుండా వస్తోంది, చెవులు చల్లబడుతున్నాయి, దుప్పటి కింద ఇటుకల వేడి మాత్రం పిడి దాకా తెలుస్తోంది, తెలియదేమో, తెలుస్తోందని అనుకోవడం బాగుంది. కొమ్మ కోయగానే మట్టిలో గుచ్చకూడదు. మొదట్లో ఆ సంగతి తెలీక ఎన్నింటిని కుళ్ళబెట్టిందో. కోసి, బల్ల మీద ఒక పూటో రోజో వదిలెయ్యాలి, గాయం ఆరాలి, చివర తోలులా ఎండాలి, అప్పుడు గుచ్చితేనే వేళ్ళు వేస్తుంది. పచ్చి గాయాన్ని తడిమట్టిలో పెట్టి పైనుంచి నీళ్ళు పోస్తే నల్లబడుతుంది. అందరూ నీళ్ళే పోస్తారు. ప్రేమ ఎక్కువై పోస్తారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె మీద కూడా ఎంత మంది పోశారు, నీకేం చిన్నదానివి ఇంకోటి పుడుతుందిలే అని, దేవుడికి నచ్చిందిలే అని, ఏడవకు, ఏడిస్తే పాలు గడ్డకడతాయి అని. పాలు వచ్చాయని వాళ్ళకెలా తెలుసు? వచ్చాయి మరి. పాలకేం తెలుసు పిల్ల లేదని.

ఇదిగో గేబోర్ల ఇల్లు, కిటికీలు తెల్లటి ప్లాస్టిక్కువి. ఇదిగో పోస్టుమాస్టరు ఇల్లు, అదీ ప్లాస్టిక్కే. ఊళ్ళో ఈ నాలుగైదేళ్ళలో అందరికీ ఒకేసారి జబ్బు పట్టుకున్నట్టు పాత కొయ్య కిటికీలు పీకేసి ప్లాస్టిక్కువి పెట్టించుకున్నారు. పీకినవన్నీ గోడకు ఆనించి పారేస్తే, ఎటెల్కా ఒంటి చక్రం బండి తోసుకుంటూ ఇంటింటికీ వెళ్ళి, నాకిచ్చెయ్యండి అని అడిగి తెచ్చుకుంది. పొయ్యిలోకనుకున్నారు. ఊరి చివర చేదబావి పక్క స్థలంలో వాటన్నిటినీ నిలబెట్టి, మేకులు కొట్టి, బెర్తలాన్ కప్పుకు దూలాలు వేసిపెడితే, గాజిల్లు కట్టుకుంది. ఒక్కో అద్దం ఎవరింటిదో ఆమెకు కంఠతా వచ్చు. ఉత్తరం గోడ గేబోర్లది. తలుపు పక్కది ఇర్మా పిన్నిది. ఎండ ఎక్కువ పడే దక్షిణం వైపు పెద్ద కిటికీ అత్తగారిది. పాతికేళ్ళు ఏ అద్దాల వెనక నిలబడి జనం ఆమెను చూశారో ఆ అద్దాలన్నీ ఇప్పుడు ఆమె మొక్కలకు ఎండ మోసుకొస్తున్నాయి. పని చేసుకుంటూ అప్పుడప్పుడూ ఆ సంగతి గుర్తొచ్చి ఒక్కతే నవ్వుకుంటుంది.

బెంచీ మీద ఇర్మా పిన్ని, పక్కన టెరుష్. ఇంటి ముందు బెంచీ, ఎండ, ఒళ్ళో గుమ్మడి గింజలు, ఇంక వాళ్ళకు టీవీ ఎందుకు. చక్రం చప్పుడు విని ఇద్దరూ గింజలు నమలడం ఆపేశారు. వెనక్కి తిప్పుకుందామా అని కాళ్ళు అడిగాయి. కాళ్ళ మాట ఎవరు వింటారు.

"ఏమే ఎటీ, ఈ వయసులో!" ఇర్మా నోటి నుంచి ఊడిపడింది. "మాకో మాటైనా చెప్పలేదు!"

"చెప్తే దిష్టి పెడతావని."

"బెర్తలాన్ పోలికేనా?"

"నీ పోలికే పిన్నీ. కాస్త ఎండ తగిలితే చాలు, మొహం ఎర్రబడిపోతుంది."

ఇర్మా పకపకా నవ్వింది, ఆమెది నోరే గానీ కడుపులో ఏమీ ఉండదు. టెరుష్ అలా కాదు, ఆవిడకు సానుభూతి ఎక్కువ. లేచి వచ్చి దుప్పటి కొస ఎత్తి చూసి, "అయ్యో, కొమ్మలా! షాందోర్ పండగ వెళ్ళిపోయింది, ఇవ్వాళ యోజెఫ్ పండగ, ఎల్లుండి బెనెదెక్ పునీతుడు వచ్చి ఎండ మూటగట్టిన సంచి మూతి విప్పితేగానీ వెచ్చదనం రాదే. ఈ గాలిలో తిప్పి చంపేస్తావా పసివాటిని?" అంది. అని, నాలుక కరుచుకుంది. ఇర్మా గుమ్మడి గింజల వైపు చూస్తోంది. ఇదిగో, ఇదే. ఈ మౌనమే. మాట జారినా పరవాలేదు, జారాక వాళ్ళు వేసుకునే ఈ మొహాలున్నాయే, చర్చిలో శవపేటిక పక్కన నిలబడ్డ మొహాలు, పాతికేళ్ళ నుంచీ ఎటెల్కా వెనక దారిన తిరిగింది వీటిని తప్పించుకోవడానికే. "దుప్పటి దించు టెరుష్, చలేస్తుంది," అని బండి తోసింది. పది అడుగులు వేయకముందే వెనక నుంచి వినపడనే వినపడింది, "పాపం, మొక్కల్నే పిల్లలనుకుంటోంది." కుండ మూతికి మూకుడుంది, లోకం మూతికేదీ? కాదు టెరుష్, అనుకోవడం లేదు. నేనేం పిచ్చిదాన్ని కాదు. ఇవి ముష్కాట్లి కొమ్మలు. పోతే బాధపడతాను, వచ్చే ఏడు ఎవరింట్లోంచో అడక్కుండా ఒకటి తుంచుకొస్తాను, దొంగిలించిన కొమ్మే బాగా పడుతుందని నువ్వే అంటావు. పిల్ల అలా కాదు. పిల్ల పిల్లే. ఒక్కతే. దాని బదులు మొక్కా కాదు, కుక్కా కాదు, ఇంకో పిల్ల పుట్టి ఉన్నా ఆ పిల్ల కూడా కాదు.

ఆ రోజూ ఇదే వీధి. పట్నంలో బట్టల కొట్టు పక్క దుకాణంలో బండ్లు వచ్చాయని ఎవరో చెబితే, ఎనిమిదో నెల కడుపు వేసుకుని బస్సెక్కి పోయింది. నీలం రంగుది ఒక్కటే మిగిలి ఉంది. ఆ కాలంలో వచ్చిన సరుకు వచ్చినప్పుడే కొనుక్కోవాలి, రేపొస్తానంటే రేపు ఉండదు. కొనేసింది. కొన్నాక పుట్టింట్లో దాచి ఉండాల్సింది, ఈ ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు, బిడ్డ ఏడుపు వినపడ్డాక గానీ బండిని గడప దాటించరు. ఎటెల్కాకు ఆ పట్టింపు తెలుసు. తెలిసి కూడా, బస్సు దిగినప్పుడు ఎంత బాగుందో దాన్ని తోస్తుంటే, చక్రాలు అప్పుడు కిర్రుమనలేదు, నీలం రంగు ఎండకు మెరుస్తోంది, తిన్నగా ఇంటికే తోసుకొచ్చేసింది. ఇరవై మూడేళ్ళు. గర్వం. అవును గర్వమే, ఎందుకుండకూడదు? గేటు దగ్గర నిలబడ్డ అత్తగారు వెరోన్ చూసి శిలువ గుర్తు వేసుకుంది. మూడు వారాలకు కడుపులో కదలిక ఆగింది. ఆసుపత్రిలో చూపించలేదు, అప్పట్లో చూపించేవాళ్ళు కాదు, తెల్లగుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే నల్లటి జుట్టు ఇంత కనిపించింది. ఎక్కడ పెట్టారో చెప్పలేదు. ఆడపిల్ల అని మాత్రం ఒక నర్సు మెల్లిగా చెప్పింది, చెప్పినందుకు ఆ నర్సు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఇంటికొస్తే వెరోన్ అత్తయ్య సూప్ పోసి ముందు పెట్టి, తల నిమిరి, "పిల్ల పుట్టకముందే కుల్లా కుట్టకూడదని పెద్దలు ఊరికే అన్లేదమ్మా," అంది. తిట్టలేదు. తిట్టినా బావుండేది, తిరిగి తిట్టేది. నిజంగా నమ్మి, నిజంగా జాలిపడి అంది, అంచేత అది లోపలికి దిగిపోయింది. ఆ మాట ఒక్కరోజులో ఊరంతా పాకింది. బండి వల్లే. తొందర వల్లే. గర్వం వల్లే. ఎటెల్కా కూడా నమ్మింది. సిగ్గు చేటు గానీ నమ్మింది, కొన్నేళ్ళు.

అదిగో ఆ కిటికీ. బెంచీలు దాటాక కుడి వైపు మూడో ఇల్లు, పచ్చ గేటు. తల దించకు. నువ్వు మొక్కలు తీసుకెళ్తున్నావు, ఎవరి సొమ్మూ తీసుకెళ్ళడం లేదు. కిటికీ లోపలికి తెరుచుకుంది, వెరోన్ ముసలి చెయ్యి, ఆ వెనక తలగుడ్డ.

"ఎటెల్కా."

ఆగింది.

"అదెందుకు దించారే?"

"మొక్కలత్తయ్యా. మొక్కలకోసమే. గాలి కొట్టకుండా..."

"మొక్కలకి వేరే బండి లేదా?"

"వెనక దారి బాలేదత్తయ్యా. కుదుపులకి చచ్చిపోతాయని..."

వెరోన్ బండిని చూసింది, కోడలిని చూసింది. "సరే, బాగా కప్పు. గాలి చెడ్డగా ఉంది," అని కిటికీ మూసింది.

అంతే. ఏమీ కాలేదు. ఆకాశం విరిగి పడలేదు. మరి ఒళ్ళంతా ఎందుకిలా మండుతోంది? చక్రం కిర్రు, కిర్రు, ఊరి చివర ఇళ్ళు అయిపోయాయి, కరెంటు స్తంభం మీద కొంగల గూడు ఇంకా ఖాళీగానే ఉంది, ఎటెల్కా మాత్రం పళ్ళు బిగపట్టి తోస్తోంది. మొక్కలకోసమే అత్తయ్యా, మొక్కలకోసమే. ఎవరి గొంతు అది? జామ్ సీసాలో వేలు పెట్టి దొరికిపోయిన పిల్ల గొంతు. నలభై ఎనిమిదేళ్ళ ఆడదాని గొంతేనా? ధైర్యంగా నడివీధిని వచ్చానని జబ్బలు చరుచుకుంది, తీరా చూస్తే ఏం చేసింది, మొక్కల చాటున దాక్కుంది. బెర్తలాన్‌కు మొక్కలే సాకు. బెంచీ మీది వాళ్ళకు మొక్కలే సాకు. అత్తగారికీ అదే. తనకు? పొద్దుట్నుంచీ వాకిట్లో నిలబడి తనకు తానే చెప్పుకున్నది కూడా అదే కదా, గాళ్ళూ, కుదుపులూ, నున్నటి తారు రోడ్డూ. అన్నీ నిజాలే. నిజాల వెనక దాక్కోవడం అబద్ధాల వెనక దాక్కోవడం కన్నా సులువు, ఎవరూ బయటికి లాగలేరు.

గాజింటి తలుపు తీయగానే వెచ్చటి మట్టి వాసన. నిన్నట్నుంచీ ఇనప పొయ్యిలో మొక్కజొన్న కండెలు మండుతున్నాయి, అద్దాల మీద ఆవిరి పట్టింది. దుప్పటి తీసి ఒక్కొక్క డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టింది. కాడ పట్టుకుని చిన్నగా కదిపి చూసింది, కదల్లేదు. రెండోది, కదల్లేదు. వేళ్ళు మట్టిని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. అన్నీ. ఒక్కటీ పోలేదు. నవ్వొచ్చింది, గట్టిగానే నవ్వింది, పొయ్యి తప్ప ఎవరూ లేరు. కిటికీ వెలుగు కోసం ఒకవైపుకే మెడ చాచి పెరిగిన ఆకుల్ని ఎండ వైపుకు తిప్పింది. దక్షిణం వైపు పెద్ద కిటికీ కిందే ముదురెరుపు రకాన్ని వరసగా పెట్టింది. చేతులకు ఆకు వాసన పట్టేసింది, కారంగా, కాస్త నిమ్మలా. పని అయిపోయింది. ఇటుకలు చల్లారాయి, వాటిని బల్ల కింద పేర్చింది. దుప్పటి మడిచి భుజాన వేసుకుంది. బండి ఖాళీ.

ఇప్పుడు వెనక దారినే వెళ్ళిపోవచ్చు. కుదుపులైతే ఏం, లోపల ఏముంది గనక. గుంతల్లో పడినా లేచినా అడిగేవాళ్ళు లేరు, దాన్ని మళ్ళీ అటక మీద పెట్టి తివాచీ కప్పెయ్యవచ్చు, బెర్తలాన్ సాయంత్రం వచ్చి నిచ్చెన వైపు చూసి ఊపిరి పీల్చుకుంటాడు. చేదబావి దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమ వైపు మట్టి బాట, చెట్లు, ఒక్క కిటికీ కూడా లేదు. ఎటెల్కా అక్కడ నిలబడింది. బండి గూడు వెనక్కి మడిచేసింది, బిగుసుకుపోయి ఉంది, మోకాలు ఆనించి నొక్కితే గాని మడత పడలేదు. లోపల నీలం బట్ట మీద ఇటుకల బరువుకు పడిన నొక్కులు తప్ప ఏమీ లేదని ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. కుడి వైపుకు తిప్పింది.

ఈసారి చెప్పుకోవడానికి సాకేమీ లేదు, అందుకేనేమో నడక తేలిగ్గా ఉంది. వెరోన్ ఇప్పుడు కిటికీలో లేదు, గేటు దగ్గరే ఉంది, చీపురు పట్టుకుని ఎప్పుడో ఊడ్చేసిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. చప్పుడు విని తలెత్తింది. ఆవల బెంచీ మీద ఇర్మా, టెరుష్ కూడా తలలు తిప్పారు.

"మళ్ళీ ఇటే వచ్చావేంటే?" అంది వెరోన్. "మొక్కలు దింపేశావుగా."

"దింపేశానత్తయ్యా. అన్నీ బతికాయి."

"మరిప్పుడు అందులో ఏముందని?"

"ఏం లేదు. ఖాళీ."

"ఖాళీ బండి వీధిలో తోస్తారటే ఎవరైనా? జనం చూస్తున్నారు. లోపలికి తీసుకురా, చీకటి పడ్డాక బెర్తలాన్ వచ్చి పట్టుకెళ్తాడు."

"చూడనీండి. చూస్తారనే ఇటొచ్చాను."

ముసలావిడ చీపురు గేటుకు ఆనించింది. ఇద్దరి మధ్యా బండి.

"దీన్ని ముందే కొన్నందుకు ఏం కాలేదత్తయ్యా," అంది ఎటెల్కా. "బండి ఏం చెయ్యలేదు. నేనూ ఏం చెయ్యలేదు. నాకు ఇష్టమై కొన్నాను. రేపు కూడా ఇదే కొంటాను, ఇదే వీధిలో తోసుకొస్తాను. మా ఇల్కా కోసం."

వెరోన్ అర్థం కానట్టు చూసింది. "ఇల్కా ఎవరు?"

ఆ పేరు ఇంతవరకు బెర్తలాన్‌కు కూడా చెప్పలేదు. ఎటెల్కా బెంచీ దాకా వినపడేంత గట్టిగా చెప్పింది.

"మీ మనవరాలు."